జానెడు, రెండు వేళ్ళు

మా ఇంటిపేరు ఊళ్ళో ఎవరికీ తెలియదు. "జానెడు వాళ్ళు" అంటే మాత్రం, రేవులో అప్పుడే పడవ దిగిన కొత్త మనిషికి కూడా మా గుమ్మం చూపిస్తారు. బడిలో నన్ను చిన్న జానెడు అనేవారు. ఇప్పుడు నాకు నలభై ఆరేళ్ళు. నా చేతి కింద నలుగురు పనిచేస్తున్నారు, ఊళ్ళో సగం గోడలు నేను కట్టినవే. అయినా ఆ పేరు పెరగలేదు. ఇప్పటికీ చిన్న జానెడునే.

ఆ పేరు ఒక రాయి తెచ్చిపెట్టింది. రేవు మెట్లెక్కి పైకి రాగానే, పాత రేవు ఆఫీసు గోడ పక్కన, రెండు నిలువుల ఎత్తు రాతి స్తంభం ఉంటుంది. దాన్ని నీటిరాయి అంటాం. నది పొంగి ఊళ్ళోకి వచ్చిన ప్రతిసారీ నీళ్ళు ఎంతవరకు వచ్చాయో దాని మీద గీత చెక్కాలి. చెక్కేది మా ఇంటివాళ్ళే. దానికో పద్ధతుంది. నీళ్ళు పోయాక గోడల మీద బురద మరక చూసుకుని గీస్తే కుదరదు. పెరగడం ఆగి, తగ్గడం ఇంకా మొదలుకాని ఆ కాసేపట్లోనే పడవ వేసుకుని వెళ్ళి, ఒక చేత్తో స్తంభాన్ని వాటేసుకుని, నీటి అంచున ఉలితో గాటు పెట్టాలి. దాన్ని గీతగా తర్వాత తీరిగ్గా చెక్కుకోవచ్చు. గాటు మాత్రం నది ఎదురుగా ఉండగానే పడాలి.

రాయి మీద తొమ్మిది గీతలున్నాయి. ఆరు మా ముత్తాతల కాలం నాటివి. అన్నిటికంటే పైది మా తాతది. దానికి చాలా కింద ఉన్న రెండు మా నాన్నవి.

చిన్నప్పుడు తాత గీత కింద నిలబడి పైకి చూస్తే నాకు ఊపిరాడేది కాదు. నదేమో ఇరవై ఏడు మెట్ల కింద, తన దారిన తాను పోతూ ఉంటుంది. గీతేమో నా నెత్తి మీద ఎక్కడో ఉంటుంది. ఈ మధ్యనున్న ఖాళీ అంతా ఒకప్పుడు నీళ్ళే అనుకుంటే కాళ్ళు వణికేవి. ఇప్పుడూ వణుకుతాయి. కాకపోతే బయటికి చెప్పను.

నాకు పదేళ్ళప్పుడు మా బడికి చరిత్ర చెప్పడానికి కొత్త మాస్టారు వచ్చారు. మనిషి మంచివారే, కానీ కాగితం కనిపిస్తే చాలు, ఆగలేరు. రేవు ఆఫీసు అటక మీద ఎలుకలు తినగా మిగిలిన పుస్తకం ఒకటి ఆయనకి దొరికింది. తాత గీత నాటి పెద్ద వరద రోజున గుమాస్తా రాసిన పేజీ అందులో ఉంది. "నీరు పై అంతస్తు చెక్కల అంచును తాకి ఆగినది. పైన ఉన్న పదకొండుమంది పాదములు తడవలేదు." మాస్టారు కిందికి దిగొచ్చి ఆఫీసు పై అంతస్తు వంక చూశారు, పక్కనే ఉన్న రాయి వంక చూశారు. తాత గీత ఆ చెక్కల కంటే జానెడు పైన ఉంది. గీతే నిజమైతే ఆ పదకొండుమందీ పిక్కల దాకా నీళ్ళలో నిలబడి ఉండాలి.

ఊరికి ఇంతకంటే ఏం కావాలి? మా తాత మేస్త్రి, గొప్ప కోసం జానెడు కలిపాడన్నారు. పడవలో తాగి ఉన్నాడన్నారు. చేపలు పట్టేవాళ్ళు "మేస్త్రి జానెడు" అని కొత్త కొలతే కనిపెట్టారు. వలలో పడిన చేప బెత్తెడైతే, ఇంటికెళ్ళి చెప్పేటప్పుడు దానికో మేస్త్రి జానెడు కలపాలన్నమాట.

అప్పటికి తాత పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఆయన బతికున్నన్నాళ్ళూ ఆ గీతని ఎవరూ ఒక్క మాట అనలేదట. ఆయన నోటికి భయపడి ఉంటారని మా అమ్మ అనేది. నాన్న మాత్రం ఆనాటినుంచి రాయి దగ్గరికి వెళ్ళడం మానేశాడు. రేవుకి పోవాలంటే చేపల వీధి చుట్టూ తిరిగి పోయేవాడు. ఎవరైనా వెనకనుంచి "జానెడు మేస్త్రీ" అని పిలిస్తే చెవిటివాడిలా నడిచి వెళ్ళిపోయేవాడు. ముప్పై ఆరేళ్ళపాటు ఆ పేరుకి ఒక్కసారి కూడా పలకలేదు.

మొన్న ఎండాకాలంలో మాస్టారు మా ఇంటికి వచ్చారు. రిటైరై చాలాకాలమైంది, ఊరి చరిత్ర పుస్తకంగా అచ్చు వేయిస్తున్నారు. దానితోపాటు నీటిరాయి పక్కన బోర్డు కూడా పెట్టిస్తున్నారు. బోర్డు మీద రాయబోయేది ముందుగా మాకు చూపించడం మర్యాద అనుకున్నారు, పాపం. కాగితం విప్పి చదివారు. "అన్నిటికంటే పై గీత కొలతలో జానెడు పొరపాటు ఉన్నది."

"పొరపాటు అనే రాశానమ్మా. అబద్ధం అనలేదు" అన్నారు నా మొహం చూసి.

"మీ దయ మాస్టారూ" అన్నాను. నా నోరు తాత నోరే.

ఆయన వెళ్ళాక నాన్న లోపలి గదిలోంచి పిలిచాడు. ఆయనకి డెబ్భై ఎనిమిదేళ్ళు. మంచం మీద కూర్చుని, పని మానేసినా వదిలిపెట్టని పాత ఉలుల్ని గుడ్డతో తుడుచుకుంటున్నాడు.

"ఆ బోర్డు చెక్కదా, ఇనుముదా?"

"ఇనుముదే నాన్నా."

"అయితే నాకంటే ఎక్కువ కాలమే ఉంటుంది" అని, మళ్ళీ ఉలి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఆ రాత్రి కంచం ముందు కూర్చుని లేచిపోయాడు.

తెల్లారి లేవగానే మాస్టారింటికి వెళ్ళాను.

"మీ గుమాస్తా పైన కూర్చుని వణుకుతూ రాశాడు. మా తాత నీళ్ళలో ఉండి గీశాడు. వాళ్ళిద్దరిలో నది ఎవరికి బాగా తెలుసు? ఆఫీసు చెక్కలు ఆ తర్వాత రెండుసార్లు మార్చారు. ఎక్కడ పెట్టి బిగించారో ఎవరు చూశారు?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంకో సాక్ష్యం చూపించు తల్లీ. ఒక్కటి చాలు. ఆ వాక్యం నా చేత్తో నేనే కొట్టేస్తాను. బోర్డు పెట్టేది వచ్చే ఆదివారం."

సాక్ష్యం ఎలా వెతకాలో నాకు తెలుసు. గోడ కట్టే ప్రతివాడి దగ్గరా లెవెల్ పైపు ఉంటుంది. సన్నటి, పారదర్శకమైన గొట్టం, నిండా నీళ్ళు. ఒక కొస ఒక గీత దగ్గర పట్టుకుంటే, రెండో కొసలో నీళ్ళు సరిగ్గా అదే ఎత్తున నిలబడతాయి. మధ్యలో గొట్టం మెట్లు దిగనీ, గోడ చుట్టూ తిరగనీ, నీళ్ళకి పట్టదు. లోపల గాలిబుడగ ఉండకూడదు, అంతే. తాత గీత ఎత్తుని రాయి మీదనుంచి ఊళ్ళోకి తీసుకుపోతాను. పాత ఇళ్ళలో ఎక్కడో ఒకచోట ఆనాటి వరద మరక దొరక్కపోదు. అది గీతతో కలిస్తే గుమాస్తా ఓడిపోయినట్టే.

రెండో కొస పట్టుకోవడానికి మా ఆయన వచ్చారు. ఆయన టైలరు. గుడ్డ మీద గీత గీయమంటే వెంట్రుకవాసి తేడా రానివ్వరు. నిచ్చెన రెండో మెట్టెక్కితే మాత్రం కళ్ళు మూసుకుంటారు.

"కళ్ళు తెరవండి. నీళ్ళు చూడాల్సింది మీరే" అన్నాను.

"ఒక కన్ను తెరిచాను. సరిపోతుందా?"

రెండు నిచ్చెనలు, ఒక పైపు, నీలం అద్దిన దారం. రాయి దగ్గర మొదలుపెట్టి, ఇరవై అడుగులకో గుర్తు పెట్టుకుంటూ, గుర్తుకీ గుర్తుకీ మధ్య గోడ మీద నీలం గీత పడేలా దారం లాగి కొట్టుకుంటూ బయల్దేరాం. మొదట్లో జనం నవ్వారు. "జానెడు జానెడుగా కొలుస్తున్నారర్రా" అని ఒకడన్నాడు. నీలం గీత రేవు ఆఫీసు దాటి, పెద్ద వీధిలోకి తిరిగింది. వీధి ఊళ్ళోకి పల్లంగా దిగుతుంది. గీత దిగదు. మేం నడిచినకొద్దీ అది తలుపుల మీదికి, కిటికీల మీదికి, దుకాణాల బోర్డుల మీదికి ఎక్కిపోయింది. మందుల షాపు దగ్గరికి వచ్చేసరికి మా నిచ్చెనలు చాలక, మేడమీద వాళ్ళని అడిగి కిటికీలోంచి చెయ్యి చాచి గుర్తు పెట్టాను.

అప్పుడు వెనక్కి తిరిగి చూశాను. వీధిలో ఎవరూ నవ్వడం లేదు.

అందరూ ఎవరి గుమ్మం ముందు వాళ్ళు నిలబడి తలెత్తి చూస్తున్నారు. వీధి ఆ చివరనుంచి ఈ చివరదాకా నీలం గీత, ఏమాత్రం వంకర లేకుండా. దానికింద తలుపులు, సైకిళ్ళు, కూరగాయల బండి, పిల్లలు, మేమూ. మేమందరం నది అడుగున నిలబడి ఉన్నాం. మందుల షాపాయన తన ఇంటి గుమ్మం చూసి, గీత చూసి, చంటిపిల్లని చంకలోకి ఎత్తుకున్నాడు. ఎందుకెత్తుకున్నాడో ఆయనకీ తెలిసి ఉండదు. ఇన్నాళ్ళూ అందరం ఒక గీత గురించి పోట్లాడుకున్నాం గానీ, నీళ్ళ గురించి ఎవరం ఆలోచించలేదు. ఇంత నీటి మీద, చిన్న పడవలో, ఒక మనిషి స్తంభాన్ని వాటేసుకుని ఉలి పట్టుకున్నాడు. ఆయన మా తాత.

తాళ్ళ కొట్టు పిన్ని ఇల్లు మూడో వీధి మొదట్లో ఉంది. ఊళ్ళో ఆ ఒక్క ఇంటికే సున్నం తప్ప కొత్త పూత పడలేదు. ముందు కొట్టు, వెనక ఇల్లు, పైన అటక. అటక నిండా తాళ్ళ చుట్టలే.

"మరకంటే తెలియదు గానీ, అటక దూలం మీద గీతలున్నాయే" అంది పిన్ని. "మా అత్తగారు పిల్లల ఎత్తు కొలిచిందేమో అనుకున్నాను."

"అటక మీద నిటారుగా నిలబడే పిల్లలు ఎక్కడున్నారు పిన్నీ?"

పిన్ని వెంటనే అటకకి నిచ్చెన వేసింది. ముగ్గురం కలిసి తాళ్ళ చుట్టలు పక్కకి దొర్లించాం. నిలువు దూలం మీద మేకుతో గీకిన అడ్డగీతలు ఏడున్నాయి, ఒకదాని మీద ఒకటి. కిందివి దూరం దూరంగా, పైకి పోయినకొద్దీ దగ్గర దగ్గరగా. చివరిది అన్నిటికంటే లోతుగా దిగింది. దానికింద కలప నల్లబడి ఉంది, పైన లేత రంగు అలాగే ఉంది.

"చెప్పేది ఆవిడ" అంది పిన్ని, గొంతు తగ్గించి. "చంటిబిడ్డతో ఇక్కడే కూర్చున్నానని, నీళ్ళు పెరిగినప్పుడల్లా గీసుకున్నానని. ముసలావిడ కథలని నేను వినేదాన్నే కాదు." దూలం మీద చెయ్యి పెట్టి ఆ గీతల్ని తడుముతూ ఉండిపోయింది.

నేను పైపు కొస పైకి లాగి దూలానికి ఆనించాను. మా ఆయన కిందికి దిగి, వీధి గోడ మీది చివరి నీలం గుర్తు దగ్గర రెండో కొస పట్టుకున్నారు. నీళ్ళు పైకీ కిందికీ ఊగి ఆగాయి.

ఆవిడ చివరి గీత మీద కాదు. దానికి జానెడు పైన.

మా ఆయన మళ్ళీ కొలవమన్నారు. పైపులో బుడగలు లేవని చూసుకుని మళ్ళీ కొలిచాను. అంతే వచ్చింది. నేను వెతికి తెచ్చుకున్న సాక్ష్యమే గుమాస్తా పక్కన నిలబడింది. నా తల తీసేసినట్టయింది. రెండు గీతల మధ్య దూరానికి నీలం దారం ఒక ముక్క తెంపుకుని, ఇంటికి వచ్చాను.

నాన్న గుమ్మంలోనే ఉన్నాడు. నా నడక చూసే ఆయనకి అర్థమైపోయింది.

"ఎంత తేడా?"

"జానెడు."

"మేస్త్రివి. సరిగ్గా చెప్పు."

"జానెడు, రెండు వేళ్ళు."

"నీ జానెడా, నా జానెడా?"

ఏడుపు వస్తుంటే ఈ ప్రశ్నేమిటని విసుగొచ్చింది. దారం ముక్క ఆయన చేతిలో పెట్టాను. నాన్న ఎడమ అరచెయ్యి విప్పి, బొటనవేలి కొసనుంచి చిటికెన వేలి కొసదాకా దారం పరిచాడు. మిగిలిన ముక్క మీద రెండు వేళ్ళు ఆనించాడు. సరిపోయింది. వెంట్రుకవాసి ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆయన మొహంలో రంగు మారిపోవడం చూశాను.

"గునపం తీసుకురా అమ్మా" అన్నాడు.

చెప్పులు కూడా వేసుకోలేదు. చేపల వీధి వైపు తిరగలేదు. ముప్పై ఆరేళ్ళ తర్వాత పెద్ద వీధిలోనుంచి, నీలం గీత కిందుగా, దాని వంకే చూస్తూ నడిచాడు. జనం వెనకాలే వచ్చారు. ఎవరో కబురు చెప్పినట్టున్నారు, మాస్టారు కూడా గొడుగు పట్టుకుని వచ్చేశారు.

రాయి మొదట్లో ఏళ్ళ తరబడి పేరుకున్న ఒండ్రు, దాని మీద ఎప్పుడో పరిచిన బండలు ఉన్నాయి. నాన్న వేలు చూపించినచోట తవ్వాను. రెండడుగులు తవ్వేసరికి నీటిరాయి అడుగు కనబడింది. దానికింద వేరే రాయి, చదునుగా, అంచులు ముచ్చటగా చెక్కిన దిమ్మ. దాని మూల మీద మా నాన్న పనిగుర్తు ఉంది, చిన్న త్రికోణం.

నాన్న కింద కూర్చున్నాడు. దిమ్మ మందం మీద చెయ్యి విప్పి పెట్టాడు. జానెడు. దిమ్మకీ స్తంభానికీ మధ్య సున్నం మీద వేళ్ళు పెట్టాడు. రెండు.

"మా నాన్న పోయిన ఏడాది పెట్టాను" అన్నాడు, ఎవరి వంకా చూడకుండా. "నాకప్పుడు పంతొమ్మిది. తడికి రాయి అడుగు గుల్లబారుతోందని భయమేసింది. నాన్న గీత ఉన్న రాయి, పాడైపోకూడదనుకున్నాను. పడవలవాళ్ళని బతిమాలి పైకి లేపించి, కింద ఇది పెట్టాను. నా మొదటి సొంత పని. ఎంత బాగా కుదిరిందోనని మూడు రోజులు దీని చుట్టూనే తిరిగాను."

"రాయి లేస్తే గీత కూడా లేస్తుందని తోచలేదా నాన్నా?" అనేశాను. అడగకుండా ఉండాల్సింది.

"రాయి వంక చూశానమ్మా. గీత వంక చూడలేదు" అన్నాడు. "ఆయన సరిగ్గానే గీశాడు. ఆయన్ని అబద్ధాలకోరుని చేసింది ఊరు కాదు, నేను." డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, అంతమంది మధ్య, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మా ఆయన వెళ్ళి పక్కన కూర్చుని భుజం పట్టుకున్నారు.

మాస్టారు జేబులోంచి బోర్డు కాగితం తీసి ఆ వాక్యాన్ని అక్కడే కొట్టేశారు. "మేస్త్రి గారూ, దిమ్మ సంగతి వివరంగా రాయిస్తాను. గీత ఎందుకు ఎత్తుగా ఉందో బోర్డు చూస్తే అందరికీ తెలుస్తుంది. ఇక మీరు బాధపడకండి."

"బోర్డు చదవనివాళ్ళుంటారు మాస్టారూ. రాయే నిజం చెప్పాలి. దిమ్మ తీసేసి, పాత గుంటలోకే దింపేద్దాం."

నేను పక్కన కూర్చుని మెల్లగా చెప్పాను. "నాన్నా, దింపితే పాత గీతలన్నీ సరైపోతాయి. నీ రెండూ మాత్రం దిమ్మ పెట్టాక చెక్కినవి. అవి జానెడు, రెండు వేళ్ళు కిందికి పోతాయి. అవి అబద్ధం అయిపోతాయి."

"అవనీ" అన్నాడు. "నావి నేను మళ్ళీ చెక్కుకుంటాను. ఆయన రాలేడు కదా."

ఆదివారం బోర్డు పెట్టలేదు. రాయి దింపాం. గొలుసు కప్పీ నేను తెచ్చాను, తాళ్ళు పిన్ని తెచ్చింది, బలం పడవలవాళ్ళది. రాయి గాలిలోకి లేచి, దిమ్మ పక్కకి జరిగి, పాత గుంటలోకి స్తంభం దిగి కూర్చున్నప్పుడు కాళ్ళకింద నేల అదిరింది. తడికి భయపడాల్సిన పని లేకుండా చుట్టూ నీరుపోయే కాలవ నేను కడతానని నాన్నకి మాటిచ్చాను.

కొలత ఈసారి ముక్కలు ముక్కలుగా వద్దన్నారు జనం. ఒకే పైపు కావాలన్నారు. ఇంటింటినుంచీ తోటకి నీళ్ళు పెట్టే గొట్టాలు వచ్చాయి. పచ్చవి, నల్లవి, ఎర్రవి. మా ఆయన వాటి అతుకులన్నిటికీ మైనం పూసిన దారం చుట్టారు. రెండు కొసలకీ నా పారదర్శకపు గొట్టం తగిలించాను. నీళ్ళు నదిలోంచే తెచ్చి పోశాం. నీటిరాయి నుంచి తాళ్ళ కొట్టు అటక దాకా, మూడు వీధుల పొడుగునా గొట్టం పాములా పడుకుంది. పెద్దలూ పిల్లలూ దాని పక్కనే గొంతుక్కూర్చుని, బుడగలు పోయేదాకా అరచేతులతో తడుతూ ఉన్నారు.

నేను నిచ్చెనెక్కి తాత గీత దగ్గర కొస పట్టుకున్నాను. పిన్ని అటక మీద రెండో కొస పట్టుకుంది. నీళ్ళు చాలాసేపు ఊగాయి. అంత పొడుగు నీరు నిలబడాలంటే టైము పడుతుంది. తర్వాత మెల్లగా, నా కళ్ళముందు, తాత గాటు మీదికి వచ్చి ఆగాయి. కింద నాన్న రాయి మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. డెబ్భై ఆరేళ్ళ కిందట ఆ ఎత్తునే నిలబడిన నది, మా గొట్టంలో మళ్ళీ అక్కడే నిలబడింది.

మూడో వీధిలో ఏదో గోల వినబడింది. అది ఒకరి నోటినుంచి ఒకరి నోటికి, మలుపు తిరిగి, పెద్ద వీధి పొడుగునా ఎక్కి వచ్చింది. చివరికి మాస్టారి దగ్గరికి చేరింది. ఆయన నాన్న వైపు తిరిగారు.

"చివరి గీత మీద ఉన్నాయట మేస్త్రి గారూ. ఆవిడ గీత మీద. అచ్చంగా."

ఒకరు అటక మీద చంటిబిడ్డతో, ఒకరు పడవలో ఉలితో. ఒకరికొకరు కనబడకుండా, అదే ఘడియలో, అదే నీటి అంచుని గీసుకున్నారు. నేను నిచ్చెన మీదే తల ఆనించుకుని ఏడ్చాను.

నాన్న కళ్ళు తుడుచుకుని సంచిలోంచి ఉలి తీశాడు. తన రెండు గీతల్లో పైదాని మీద చెయ్యి విప్పి, పైకి జానెడు కొలిచి, రెండు వేళ్ళు కలిపి, గాటు పెట్టాడు. రెండోదానికీ అంతే.

"పాతవి చెరిపేద్దామా?" అని మాస్టారు అడిగారు.

"ఉండనీండి. ఆ జానెడు ఎవరిదో అందరికీ తెలియాలి."

రెండు గీతలూ చెక్కడానికి ఆయనకి పదకొండు రోజులు పట్టింది. నన్ను ఒక్క దెబ్బ కూడా వేయనివ్వలేదు. ఇప్పుడు రోజూ సాయంత్రం పెద్ద వీధిలోంచే రేవుకి వెళ్తాడు. ఎవరైనా వెనకనుంచి "జానెడు మేస్త్రీ" అని పిలిస్తే, ఆగి, వెనక్కి తిరిగి, పలుకుతాడు.